వర్కింగ్ మెమరీకి న్యూరోఫీడ్‌బ్యాక్ సాధన చేయించే పద్ధతి

"అంగడికి పోయి పాల ప్యాకెట్టు, కరివేపాకు, అగ్గిపెట్టె తీసుకురా నాయనా" అని పంపితే పిల్లాడు అగ్గిపెట్టె ఒక్కటే తెస్తాడు. 47కు 38 కలిపేటప్పుడు మనసులో ఉంచుకున్న 1 పక్క అంకె దగ్గరికి వచ్చేసరికి జారిపోతుంది. బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలి కోలుకున్న మనిషికి ఓటీపీ చూసి తెర మార్చేలోపే సగం అంకెలు పోతాయి. వీళ్ళకు నిన్నటి సంగతులు, చిన్ననాటి ఊళ్ళు అన్నీ గుర్తుంటాయి. కొన్ని క్షణాల పాటు నాలుగు విషయాలను మనసులో పట్టుకుని వాటితో పని చేసే శక్తి తక్కువ. దాన్నే వర్కింగ్ మెమరీ అంటారు. 1974లో మనస్తత్వ శాస్త్రవేత్తలు బాడ్లీ, హిచ్ దీనికి ఇచ్చిన నమూనాలో మాటల్ని లోలోపల తిప్పుకునే భాగం, చూసినదాన్ని నిలుపుకునే భాగం, రెండింటినీ నడిపే పెద్ద భాగం ఉన్నాయి. తిప్పుకోవడానికి, గుదిగుచ్చడానికి వీల్లేకుండా చేస్తే పెద్దవాళ్ళైనా ఒకేసారి పట్టుకోగలిగేది 4 విషయాల దగ్గరే ఆగుతుందని 2001లో కోవన్ చూపించాడు.

న్యూరోఫీడ్‌బ్యాక్‌లో నెత్తి మీద ఎలక్ట్రోడ్ పెట్టి మెదడు విద్యుత్తును కొలుస్తారు. కావలసిన లయ పెరిగిన క్షణంలోనే ఒక శబ్దమో బొమ్మో బహుమతిగా వస్తుంది. మెదడుకు తన పని తనకు అద్దంలో కనిపిస్తుందన్నమాట. లోపలికి కరెంటు ఏమీ పోదు. ఈ మాట మొదటి రోజే ఇంటివాళ్ళకు చెప్పాలి, "తలకు షాక్ ఇస్తారంట" అనే భయం చాలామందికి ఉంటుంది.

ఈ వ్యాసం తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో సెషన్లు నడిపే, నడపాలనుకునే క్లినికల్ సైకాలజిస్టుల కోసం, వాళ్ళ టెక్నీషియన్ల కోసం. తల్లిదండ్రులు చదివితే ఏం అడగాలో తెలుస్తుంది. ఈ పనిలో ఫలితాన్ని తేల్చేవి రెండు: శుభ్రమైన సిగ్నల్, నిజాయితీగా తీసుకున్న కొలత. ఈ రెండూ లేని సెషన్ డబ్బు పెట్టి ఆడే వీడియో గేమే.

కుర్చీలో కూర్చోబెట్టే ముందు

కారణం వెతక్కుండా సాధన మొదలుపెట్టకూడదు. రక్తంలో బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, చక్కెర చూపించాలి. శాకాహారుల ఇళ్ళల్లో బీ12 లోపం తరచూ ఉంటుంది. దాని వల్ల వచ్చిన మందగింపుకు విటమిన్ ఇవ్వాలి, థీటా (సెకనుకు 4–8 సార్లు లేచే నెమ్మది మెదడు లయ) సాధన దాన్ని తీర్చదు. చూపు, వినికిడి పరీక్ష తప్పనిసరి. వెనక బెంచీలో సరిగ్గా వినపడని పిల్లాడికి "చెప్పింది గుర్తుండదు" అనే పేరు రావడం మామూలే. వాడుతున్న మందుల చీటీ చూడాలి: నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మందులు, మూత్రాశయానికి ఇచ్చే కొన్ని మందులు జ్ఞాపకాన్ని దెబ్బతీస్తాయి. గురక, నిద్రలో ఊపిరి ఆగడం, దిగులు, మద్యం గురించి నేరుగా అడగాలి.

తిరుపతిలో కోచింగ్ హాస్టళ్ళ పిల్లల విషయం విడిగా చెప్పుకోవాలి. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, మళ్ళీ పొద్దున నాలుగున్నరకు లేపడం. అయిదున్నర గంటల నిద్రతో పదహారేళ్ళ పిల్లకు వర్కింగ్ మెమరీ బాగుంటే ఆశ్చర్యపోవాలి. అలాంటి పిల్లలకు ముందు మూడు వారాలు ఎనిమిది గంటల నిద్ర ఇప్పించి మళ్ళీ పరీక్షించండి. అంకెలు అక్కడే మెరుగుపడితే ఎలక్ట్రోడ్ అవసరమే రాదు.

మూర్ఛ ఉన్నా, ఎప్పుడో ఒకసారి వచ్చినా, ఇటీవల తలకు దెబ్బ తగిలినా ముందు న్యూరాలజిస్టు చూడాలి. తిరుపతి వాళ్ళకు స్విమ్స్ న్యూరాలజీ ఓపీ, రుయాలో మానసిక వైద్య విభాగం దగ్గర. చిత్తూరు వైపు వాళ్ళు వేలూరు సీఎంసీకి పోవడం అలవాటే. మూర్ఛ ఉన్నవాళ్ళకు థీటా లాంటి నెమ్మది లయల్ని పెంచే సాధన ఇవ్వకూడదు. అప్పటికే వాడుతున్న మందుల్ని, అది మూర్ఛ మందైనా ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లేని స్థితి) మందైనా, డాక్టరు చెప్పకుండా తగ్గించకూడదు. సెషన్ నడిపే సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగే హక్కు ఇంటివాళ్ళకు ఉంది.

మొదటి కొలత

సాధన వల్ల మార్పు వచ్చిందో లేదో తెలియాలంటే ముందు ఎక్కడున్నారో తెలియాలి. మూడు కొలతలు చాలు.

మొదటిది అంకెల వరస. సెకనుకు ఒక అంకె చొప్పున, ఒకే గొంతుతో, గుంపులుగా విడదీయకుండా చదవాలి. "ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు" అంటే అదే వరసలో చెప్పాలి. ఒక్కో పొడవుకు రెండు వరసలు ఇవ్వాలి, రెండూ తప్పితే ఆపాలి. తర్వాత వెనక నుంచి: "4-9-2" అంటే "2-9-4". వర్కింగ్ మెమరీని ఎక్కువగా పట్టిచ్చేది ఈ రెండోదే. ఇక్కడ మన భాషతో ఒక చిక్కుంది. పొడుగు మాటలు తక్కువగా గుర్తుంటాయని 1975 నుంచి తెలుసు. "తొమ్మిది", "ఎనిమిది" పలకడానికి పట్టే సమయం "నైన్", "ఎయిట్"కు పట్టదు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు అంకెలు ఇంగ్లిష్‌లోనే తొందరగా నోటికొస్తాయి. ఏ భాషలో మొదలుపెడితే చివరిదాకా అదే భాషలో కొలవాలి. మొదట తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో కొలిచి "ఒక అంకె పెరిగింది" అంటే అది భాష తెచ్చిన పెరుగుదల.

రెండోది 2-బ్యాక్. రెండున్నర సెకన్లకు ఒక అక్షరం చొప్పున 60 అక్షరాలు చూపించాలి. రెండు అక్షరాల క్రితం వచ్చిందే మళ్ళీ వస్తే బటన్ నొక్కాలి. అలా కలిసేవి 18 ఉండేట్టు చూసుకోండి. ప-బ, త-ద లాంటి దగ్గర ధ్వనుల్ని ఒకే జాబితాలో పెట్టకూడదు. సరిగ్గా నొక్కినవి, అనవసరంగా నొక్కినవి విడివిడిగా రాసుకోవాలి. ప్రతిదానికీ నొక్కే పిల్లాడికి సరైనవన్నీ వచ్చేస్తాయి కాబట్టి ఒక్క అంకె చూస్తే మోసపోతాం.

మూడోది ఇంటి చిట్టా. తల్లో భార్యో వారానికొకసారి మూడే మూడు సంగతులు లెక్కపెట్టాలి. ఉదాహరణకు మూడు వస్తువులు చెప్పి పంపితే ఎన్ని తెచ్చారు, చెప్పిన పనిని మధ్యలో ఎన్నిసార్లు వదిలేశారు, "ఇప్పుడేం చెప్పావు?" అని ఎన్నిసార్లు అడిగారు. మొదట ఏ మూడు ఎంచుకుంటే చివరిదాకా అవే.

అంకెల జాబితాలు మూడు సెట్లు ముందే తయారుచేసి పెట్టుకోవాలి: మొదటికొకటి, పన్నెండో సెషన్‌కొకటి, మూడు నెలల తర్వాతకొకటి. మొదటి కొలతను రెండు వేర్వేరు రోజుల్లో తీసి రెండోదాన్నే లెక్కలోకి తీసుకోండి. పరీక్ష అలవాటవడం వల్లే వచ్చే మెరుగుదల ఆ మొదటి రోజుతో పోతుంది.

ఇంటివాళ్ళకు ఏం చెప్పాలి

ఆధారాలు ఎంత గట్టివో దాచకుండా చెప్పాలి. ఆరోగ్యవంతుల మీద చేసిన చిన్న అధ్యయనాల్లో మంచి ఫలితాలు కనిపించాయి. 2003లో లండన్‌లో వెర్నన్ బృందం విద్యార్థులకు 12–15 హెర్ట్జ్ (సెకనుకు 12–15 సార్లు లేచే) లయను 8 సెషన్లు పెంచడం నేర్పితే జ్ఞాపకం పరీక్షలో మెరుగు వచ్చింది. నుదుటికి పైన మధ్యగీతలో వచ్చే థీటా, వర్కింగ్ మెమరీ మీద బరువు పెరిగేకొద్దీ పెరుగుతుందని చాలా ప్రయోగశాలల్లో తేలింది. దాన్ని పెంచే సాధన మీద యువకుల్లో, వృద్ధుల్లో పని జరిగింది. తలకు దెబ్బ తగిలినవాళ్ళ మీద బెంగళూరు నిమ్హాన్స్‌లో పరిశోధన జరిగింది.

ఏడీహెచ్‌డీ పిల్లల సంగతి వేరు. 2016లో కోర్టీస్ బృందం అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఏ పిల్లాడికి ఏ చికిత్స ఇచ్చారో తెలియనివాళ్ళు వేసిన మార్కుల్లో లాభం నిలబడలేదు. 2021లో అచ్చైన అమెరికా పరీక్షలో 7–10 ఏళ్ళ పిల్లలకు 38 సెషన్లు ఇచ్చారు. అసలు సాధన చేసినవాళ్ళూ ఉత్తుత్తి సాధన చేసినవాళ్ళూ దాదాపు ఒకేలా మెరుగుపడ్డారు. అంటే క్రమంగా రావడం, కుదురుగా కూర్చోవడం, పెద్దవాళ్ళ శ్రద్ధ దొరకడం కూడా పని చేస్తున్నాయి. కాబట్టి "నయం చేస్తాం" అనే మాట నోటెంట రాకూడదు. నలభై సెషన్ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టించుకోవడం తప్పు. పన్నెండు చేద్దాం, కొలుద్దాం, అప్పుడు నిర్ణయిద్దాం అనాలి.

తల కొలవడం

తొందరపడి చెయ్యకూడని మెట్టు ఇది. ఎలక్ట్రోడ్ ఎక్కడ పెట్టాలో తలను శాతాల్లో కొలిచి తేల్చే 10–20 పద్ధతిని 1958లో జాస్పర్ ప్రచురించాడు, ఇప్పటికీ అదే వాడుతున్నాం. దర్జీ టేపు, కాటుక పెన్సిల్ ఉంటే సరిపోతుంది.

ముక్కు మొదట్లో రెండు కళ్ళ మధ్య పల్లం ఒక గుర్తు. తల వెనక, మెడ మొదలయ్యే చోట వేలితో తడిమితే తగిలే బుడిపె రెండో గుర్తు. బుడిపె దొరక్కపోతే తల కొంచెం వెనక్కి వంచమనండి, మెడ కండరం వదులై ఎముక తగులుతుంది. ఆ పల్లం నుంచి ఈ బుడిపె దాకా నడినెత్తి మీదుగా టేపు పెట్టండి. 35 సెం.మీ. వచ్చిందనుకుందాం. అందులో పదో వంతు 3.5. ముందు నుంచి 30 శాతం దూరంలో, అంటే 10.5 సెం.మీ. దగ్గర ఎఫ్‌జెడ్. సరిగ్గా సగంలో 17.5 దగ్గర సీజెడ్. 70 శాతంలో 24.5 దగ్గర పీజెడ్.

ఇప్పుడు అడ్డంగా. చెవి రంధ్రం ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయమంటే ఒక గుంత తగులుతుంది. ఆ గుంత నుంచి రెండో చెవి గుంత దాకా, సీజెడ్ మీదుగా కొలవండి. సగం ఎక్కడ పడుతుందో అక్కడ సీజెడ్ గుర్తును సరిదిద్దండి. మొదటి గీత ఒక పక్కకు జరిగి ఉంటే ఇక్కడ బయటపడుతుంది, అప్పుడు ఎఫ్‌జెడ్ కూడా అంతే పక్కకు మార్చాలి. కొలతలు ఫైల్లో రాసిపెట్టుకోవాలి. ప్రతిసారీ కంటి అంచనాతో పెడితే సోమవారం ఒకచోట, గురువారం రెండు సెం.మీ. పక్కన సాధన జరుగుతుంది, వారాల మధ్య పోలికకు విలువుండదు.

నుదుటికి కట్టుకునే మ్యూజ్ లాంటి పట్టీలతో ఇదే చెయ్యొచ్చా అని అడుగుతుంటారు. దాని సెన్సర్లు నుదుటి మీద, చెవుల వెనక ఉంటాయి. ఎఫ్‌జెడ్ జుట్టులో ఉంది. పైగా నుదుటి దగ్గర కంటి కదలికలే ఎక్కువ వస్తాయి. ధ్యానం అలవాటుకు వాడుకోవచ్చు గానీ ఈ సాధనకు కుదరదు.

జుట్టు, నూనె, పేస్టు

మన దగ్గర సిగ్నల్‌కు మొదటి శత్రువు కొబ్బరి నూనె. ముందురోజు రాత్రే తలంటుకుని రమ్మనాలి, కుంకుడుకాయైనా షాంపూ అయినా సరే. కండిషనర్, జెల్ వద్దు. నూనెతో వస్తే వెనక్కి పంపడమే మేలు, దూదితో తుడిచినా ఇంపెడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య కరెంటుకు అడ్డు) దిగదు. కొండకు పోయి గుండు చేయించుకుని వచ్చినవాళ్ళకు ఎలక్ట్రోడ్ చక్కగా అతుకుతుంది. అయితే మంగలి కత్తి గాట్లు మానేదాకా నాలుగైదు రోజులు ఆగండి, ఉప్పు కలిసిన పేస్టు గాటు మీద మండుతుంది. చెవి తమ్మెలకు కూడా ఎలక్ట్రోడ్లు పెట్టాలి కాబట్టి కమ్మలు, జూకాలు ఉంటే తీయించాలి. తీయడానికి ఇష్టపడకపోతే చెవి వెనక ఎముక మీద పెట్టుకోండి, కానీ తర్వాతి సెషన్లన్నిటికీ అక్కడే.

గుర్తు పెట్టిన చోట జుట్టు పాయ తీసి, నూప్రెప్ లాంటి గరుకు జెల్‌ను ఇయర్‌బడ్‌తో అయిదారుసార్లు రుద్దాలి. చర్మం కొద్దిగా ఎర్రబడితే చాలు, గీరుకుపోకూడదు. జెల్‌నూ కాటుక గుర్తునూ తుడిచేసి, ఎలక్ట్రోడ్ గిన్నెలో శనగగింజంత టెన్20 పేస్టు పెట్టి అదమాలి. పైన చిన్న దూది ముక్క నొక్కితే అరగంట దాకా కదలదు. పనిచేసే ఎలక్ట్రోడ్ ఎఫ్‌జెడ్ మీద, రెఫరెన్స్ ఎడమ చెవి తమ్మెకు, గ్రౌండ్ కుడి చెవి తమ్మెకు. మూడూ ఒకే లోహానివై ఉండాలి. బంగారు పూతదీ వెండిదీ కలిపితే గీత నిలకడగా నిలబడదు.

ఇంపెడెన్స్ 5 కిలోఓమ్‌ల లోపు ఉండాలి, మూడూ దాదాపు సమానంగా ఉండాలి. నెత్తి మీద 3 ఉండి చెవి దగ్గర 14 ఉంటే గది కరెంటు అంతా గీతలోకి వస్తుంది. చెవి తమ్మెను మళ్ళీ రుద్దండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది, వెతికేది మాత్రం నెత్తి మీద.

సిగ్నల్ నిజమైనదేనా

సాఫ్ట్‌వేర్‌లో 50 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టినంత మాత్రాన పని అయిపోదు. ముందు ఫిల్టర్ తీసేసి గీత చూడండి. దట్టమైన పట్టీలా కనిపిస్తే గదిలో ఏదో వదులుతోంది: ఇన్వర్టర్, ట్యూబ్‌లైట్ చోక్, గోడకున్న మొబైల్ చార్జర్. కుర్చీని గోడకు ఒక మీటరు దూరం జరిపి, మూడు తీగల్నీ జడలా పేని, ల్యాప్‌టాప్‌ను చార్జర్ నుంచి తీసి బ్యాటరీ మీద నడపాలి. మనిషికి తగిలించే పరికరం కూడా బ్యాటరీ మీదే నడవాలి. ఇది సిగ్నల్ కోసమే కాదు, ప్రాణభద్రత కోసం కూడా.

తర్వాత మూడు పరీక్షలు. "నాయనా, అయిదుసార్లు కళ్ళు ఆర్పు" అనండి, గీతలో అయిదు పెద్ద గుట్టలు రావాలి. "పళ్ళు గట్టిగా బిగించు" అంటే దట్టమైన గరుకు గీత రావాలి. ఎలక్ట్రోడ్‌ను పీజెడ్ మీద పెట్టినప్పుడు కళ్ళు మూసుకోమంటే సెకనుకు పది చొప్పున ఆల్ఫా అలలు లేవాలి. కొందరికి పుట్టుకతోనే ఆల్ఫా తక్కువ, వాళ్ళకు లేవకపోయినా కంగారు పడొద్దు. మొదటి రెండూ కనిపించకపోతే మాత్రం తీగ తెగిందో, వేరే చానల్ చూస్తున్నారో చూసుకోండి.

ఏ లయను పెంచాలి

పెద్దవాళ్ళకు, వయసు పైబడినవాళ్ళకు, నిద్రా ఏకాగ్రతా బాగానే ఉండి పట్టుకోవడమే కష్టమైనవాళ్ళకు ఎఫ్‌జెడ్ దగ్గర థీటా పెంచడం మొదటి ఎంపిక. 4–8 హెర్ట్జ్ అంతా కాకుండా ఆ మనిషి సొంత శిఖరాన్ని వెతకాలి. ఒక నిమిషం ఊరికే కూర్చోబెట్టి, తర్వాత మూడు నిమిషాలు 2-బ్యాక్ చేయిస్తూ రికార్డు చేసి రెండు స్పెక్ట్రమ్‌లూ (ఏ లయ ఎంత ఉందో చూపే గీతలు) ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. పని చేసేటప్పుడు ఎక్కడ లేస్తే అక్కడికి ఒక హెర్ట్జ్ అటూ ఇటూ తీసుకోవాలి. శిఖరం తెలియకపోతే 5–7 పెట్టుకోండి.

కుదురులేని, నిద్ర సరిగా పట్టని పిల్లలకు సీజెడ్ దగ్గర 12–15 హెర్ట్జ్ పెంచడం మెత్తని దారి. వాళ్ళలో నెమ్మది థీటా ముందే ఎక్కువుంటే దాన్ని పెంచే పని పెట్టుకోకూడదు. మూడో దారి పీజెడ్ దగ్గర పైఆల్ఫా. కళ్ళు మూసుకున్నప్పటి సొంత ఆల్ఫా శిఖరం నుంచి రెండు హెర్ట్జ్ పైదాకా, అంటే శిఖరం 10 అయితే 10–12. బొమ్మల్ని, దారుల్ని మనసులో తిప్పడం కష్టమైనవాళ్ళకు దీన్ని చూడొచ్చు. ఒక మనిషికి ఒక దారే. నాలుగు సెషన్లకొకసారి మారిస్తే ఏదీ నేర్చుకోలేరు.

పెంచేదాంతోపాటు ఆపేవి రెండుండాలి: కంటిరెప్పల కోసం 1–3 హెర్ట్జ్, కండరాల కోసం 22–30 హెర్ట్జ్. ఈ రెండిట్లో ఏది హద్దు దాటినా బహుమతి ఆగిపోవాలి.

థ్రెషోల్డ్, అంటే బహుమతి రావడానికి లయ దాటాల్సిన హద్దు, ఇలా పెట్టాలి. రెండు నిమిషాలు కళ్ళు తెరిచి కూర్చోబెట్టి సగటు చూడండి. థీటా 8.4 మైక్రోవోల్ట్‌లు వచ్చిందనుకుందాం. థ్రెషోల్డ్‌ను కొంచెం కొంచెం కిందికి దించుతూ బహుమతి 60 శాతం సమయం దొరికే చోట ఆపాలి. అది 7.7 దగ్గర కావచ్చు. వరసగా రెండు బ్లాకుల్లో (నాలుగు నిమిషాల సాధన ముక్కల్లో) 80 శాతం దాటితే కొద్దిగా పెంచండి, 40 కంటే పడితే దించండి. తనంతట తానే మారే ఆటో థ్రెషోల్డ్‌ను ఆపేయాలి. అది మనిషి నేర్చుకున్నా నేర్చుకోకపోయినా ఒకే మోతాదులో బహుమతి ఇస్తుంది. నిద్రపోతున్న మనిషిక్కూడా గంటలు మోగుతూనే ఉంటాయి.

ఒక సెషన్

వారానికి మూడు, కనీసం రెండు. ఎలక్ట్రోడ్లకు పది నిమిషాలు, ఊరికే కూర్చుని రెండు నిమిషాల రికార్డు, తర్వాత నాలుగు నిమిషాల బ్లాకులు అయిదు, మధ్యలో ఒక్కో నిమిషం విరామం. చివర్లో మూడు నిమిషాలు శబ్దం, బొమ్మ అన్నీ ఆపేసి "ఇందాక చేసిందే చెయ్యి" అనాలి. ఈ చివరి బ్లాకు చాలామంది వదిలేస్తారు. యంత్రం లేకుండా చెయ్యగలిగిందే బడికి, ఇంటికి పోతుంది కాబట్టి దీన్ని వదలకండి.

శబ్దం బ్లూటూత్ స్పీకర్‌లో పెట్టకూడదు. అది శబ్దాన్ని ఆలస్యం చేస్తుంది, లయ లేచిన క్షణానికీ గంటకూ పొత్తు కుదరదు. తీగ ఉన్న స్పీకర్ వాడండి. బొమ్మ సాదాగా ఉండాలి. పరుగులు, పేలుళ్ళు ఉన్న గేమ్ అయితే కళ్ళు అటూ ఇటూ తిరిగి గీత పాడవుతుంది.

బ్లాకు నడుస్తున్నప్పుడు "ఇంకా గట్టిగా ప్రయత్నించు" అనకూడదు. గట్టిగా ప్రయత్నిస్తే దవడ బిగుస్తుంది. ప్రతి బ్లాకు తర్వాత "ఇప్పుడు మనసులో ఏం చేశావు?" అని అడిగి వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. ఒకరు ఎక్కాలు చదువుకుంటారు, ఇంకొకరు అలిపిరి మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతున్నట్టు ఊహించుకుంటారు. ఏది పని చేసిందో అంకెలే చెబుతాయి, మీరు సలహా ఇవ్వనక్కర్లేదు.

ఎలక్ట్రోడ్లు తీసిన వెంటనే పది నిమిషాలు అసలు పని చేయించాలి. అయిదు ఊళ్ళు చెప్పండి: "రేణిగుంట, పీలేరు, చంద్రగిరి, పుత్తూరు, పాకాల." వాటిని అక్షర క్రమంలో తిప్పి చెప్పమనండి: చంద్రగిరి, పాకాల, పీలేరు, పుత్తూరు, రేణిగుంట. మధ్యలో మూడు "ప"లు ఉన్నాయి కాబట్టి గుణింతం దాకా పోవాలి, అక్కడే తల పని చేస్తుంది. చిన్నపిల్లలకు మూడు ఊళ్ళతో మొదలుపెట్టి, వరసగా మూడుసార్లు తప్పులేకుండా చెబితే ఒకటి పెంచండి. పెద్దవాళ్ళకు అంగడి లెక్క: "టమాటా కిలో 28, కిలోన్నర, ఉల్లిపాయ కిలో 34, అరకిలో. వంద ఇస్తే ఎంత తిరిగి రావాలి?" 42కు 17 కలిపి 59, తిరిగి వచ్చేది 41. కాగితం, ఫోన్ ముట్టకూడదు. యంత్రం మీద నేర్చుకున్నదాన్ని పనిలోకి దించే మెట్టు ఇదే. సమయం చాలని రోజు ఒక బ్లాకు తగ్గించండి గానీ దీన్ని తగ్గించకండి.

ఎక్కడెక్కడ చెడుతుంది

థీటా బాగా పెరుగుతోందని సంబరపడే ముందు 1–3 హెర్ట్జ్ గీత చూడండి. రెండూ కలిసి లేస్తుంటే పెరుగుతున్నది రెప్పపాటు. తెరను కంటి మట్టానికి కొంచెం కిందికి దించితే, ఫ్యాన్ గాలి ముఖం మీద కొట్టకుండా చూస్తే రెప్పలు తగ్గుతాయి.

థీటా పెరిగి ఆల్ఫా చెదిరిపోయి, కళ్ళు నెమ్మదిగా పక్కలకు దొర్లుతుంటే అది కునుకు. నిద్రమత్తు థీటా వేరు, పనిలో లేచే థీటా వేరు. మొదటిదానికి బహుమతి ఇస్తూ పోతే నిద్రపోవడం నేర్పినట్టే. భోజనం తర్వాత సెషన్ పెట్టకండి. ఎండాకాలంలో పొద్దున ఏడు నుంచి పది లోపే మంచిది.

ఏప్రిల్, మే నెలల్లో చెమట పెద్ద సమస్య. గీత మొత్తం నెమ్మదిగా పైకీ కిందికీ ఊగుతుంది. గది 24–26 డిగ్రీల్లో ఉండాలి, వచ్చినవాళ్ళను పది నిమిషాలు చల్లారనివ్వాలి. బయటి ఎండలోంచి వచ్చి నేరుగా కూర్చుంటే మొదటి రెండు బ్లాకులు పనికిరావు. ఫ్యాన్ గాలికి తీగలు ఊగినా ఇలాంటి గీతే వస్తుంది, తీగల్ని చొక్కా కాలర్‌కు క్లిప్ పెట్టండి. ఉన్నట్టుండి గీత నిటారుగా ఎగిరి పడుతుంటే పేస్టు ఎండుతోంది లేదా ఎలక్ట్రోడ్ లేస్తోంది.

సెషన్ తర్వాత తలనొప్పి, చిరాకు, ఆ రాత్రి నిద్ర పట్టకపోవడం కొందరికి ఉంటుంది. మర్నాడు ఫోన్ చేసి అడగడం అలవాటు చేసుకోవాలి. ఉంటే బ్లాకులు అయిదు నుంచి మూడుకు తగ్గించండి. వరసగా రెండు సెషన్లకూ అదే అయితే ఆ దారి ఆపేసి, వైద్యుడితో మాట్లాడాకే మరొకటి మొదలుపెట్టాలి.

సెషన్ ముగియగానే ఎలక్ట్రోడ్లను గోరువెచ్చని నీళ్ళలో మెత్తని బ్రష్‌తో కడగాలి. గట్టిగా గీకితే పూత పోతుంది, ఆ తర్వాత ఏ పేస్టూ దాన్ని బాగుచెయ్యదు.

పన్నెండో సెషన్

ఇప్పటిదాకా రాసిన ఫైలు తెరిచి వరసగా చూడండి. ఒక్కో సెషన్‌లో బహుమతి ఉన్న చివరి బ్లాకు, మొదటి రెండు నిమిషాల రికార్డు కంటే పైనుందా? మొదటి వారంతో పోలిస్తే నాలుగో వారం పైనుందా? బహుమతి ఆపేసిన బ్లాకులో కూడా నిలబడుతోందా? అప్పుడు రెండో సెట్ అంకెలు, 2-బ్యాక్, ఇంటి చిట్టా.

లయా మారి, 2-బ్యాక్‌లో అనవసరపు నొక్కుళ్ళు తగ్గి, ఇంట్లో మూడు వస్తువులూ తెస్తుంటే మరో ఎనిమిది నుంచి పన్నెండు సెషన్లు చెయ్యొచ్చు. లయ మారింది గానీ పనిలో ఏమీ కనిపించలేదంటే యంత్రం మీది సాధన ఆపి ఊళ్ళ వరసలు, లెక్కలు కొనసాగించండి. పని మెరుగైంది గానీ లయ కదల్లేదంటే మేలు చేసింది న్యూరోఫీడ్‌బ్యాక్ కాదు, ఆ పది నిమిషాల పనీ నిద్రా క్రమమూ. ఆ మాట ఇంటివాళ్ళకు చెప్పి, ఇంట్లోనే చేసుకోమనాలి. రెండూ కదలకపోతే ఆపండి. కొందరికి ఎంత శుభ్రంగా చేయించినా లయను పట్టుకోవడం రాదు, అది వాళ్ళ తప్పు కాదని పిల్లాడి ఎదుటే చెప్పండి. అంకెల వరసలో ఒక్క అంకె పెరగడాన్ని ఒంటరిగా ఫలితమనకూడదు, ఆ మాత్రం రోజుకో తీరుగా అటూ ఇటూ పోతుంది.

ఏ దారిలో ఆగినా బడిలో మాట్లాడాల్సిందే. టీచరు ఒకేసారి నాలుగు సూచనలు ఇవ్వకుండా ఒక్కొక్కటి ఇవ్వాలి, బోర్డు మీద రాసి ఉంచాలి, పిల్లాడి చేత తిరిగి చెప్పించుకోవాలి. పెద్దవాళ్ళు జేబులో చిన్న పుస్తకం పెట్టుకోవాలి.

మూడు నెలల తర్వాత మూడో సెట్‌తో మళ్ళీ పిలవండి. అంతకుముందు పది రోజుల నుంచీ ఇంటి చిట్టా రాయమని ఫోన్ చేసి గుర్తుచెయ్యండి, వచ్చే రోజు తలకు నూనె పెట్టుకోవద్దని కూడా.